గేటు లోపలిది మీది

గులాబి రంగు కాగితం
మైదా జిగురుతో మిల్లు తలుపుకి అంటించి పోయినారు.
ముప్పై దినాల్లో తీగలన్నీ నేల కిందికి పోతాయంట.
చిత్తూరు సంతపేటలో మా సున్నపుబట్టీ వీధోళ్ళు
ఇంక ఆకాశాన్ని గీతల్లేకుండా చూడొచ్చంట.

లైన్‌మన్ చెంగల్రాయుడు
చెప్పుకాలితో గడప ముందర గీత గీసినాడు.
"గేటు దాకా మాదక్కా,
గేటు లోపలిది మీది."
ఇరవై రెండేండ్లుగా ఈడనే పిండి పడతా ఉండా.
నా ఇల్లు యాడ మొదలవతాదో
ఇంత కచ్చితంగా ఎవురూ చెప్పలేదు నాకు.

లైసెన్సు ఉండే మేస్త్రీతోనే చేయించాలంట.
నూరుల్లా వచ్చి క్యాలెండరు కాగితం వెనక లెక్క రాసినాడు:
పైపు, మూడు ఫేజుల కేబులు,
రెండున్నర అడుగుల లోతు కాలవ,
ఇసుక, ఎర్ర ఇటుకలు, పైన పరిచే పసుపు పట్టీ,
మీటరు పెట్టె గోడ బయటికి మార్చే కూలి వేరే.
అట్టడుగున, ఎర్తింగు గుంతకని, ఉప్పు, బొగ్గు.
ఉప్పూ బొగ్గూ!
మా అవ్వ పండ్లు తోముకున్న సరుకు.
"ఎండాకాలం రోజూ చెంబెడు నీళ్ళు పొయ్యాలక్కా,
మర్చిపోతే షాకు కొడతాది."
మొలక రాని గుంతకి నీళ్ళు.
సరే, అదీ నా పనే.

ఆ రాత్రి లెక్కేసుకుంటా కూర్చున్నా,
ఎన్ని మూటల రాగులు, ఎన్ని మూటల మిరపకాయలు
నా ముక్కులో దూరితే ఆ కాలవ పూడతాదని.

అసలు గొడవ హంసవేణి తీగతో వచ్చింది.
ఆమెది మా వెనకిల్లు, వీధి వైపు దానికి మొగం లేదు.
మా మామ కాలం నించీ ఆమె కరెంటు
మా పిట్టగోడ మీద కాలు పెట్టి దాటిపోయేది.
తూము నీళ్ళ కాడ మాటలు తెగి పదకొండేండ్లు,
తీగ మాత్రం తెగలేదు.
గాల్లో పోయేదాన్ని ఎవురడగతారు?
ఇప్పుడది మా సందు నేల కిందనే పోవాల.
నేలంటే సంతకం కావాల.

కాగితం మనమడి చేత పంపించింది.
వాడు చెప్పులిడిసి, తలెత్తకుండా నిలబడినాడు.
మూడు దినాలు దాన్ని తూకపు రాళ్ళ కింద పెట్టినా.
మూడో రాత్రి కరెంటు పోయింది, రెండిండ్లకీ.
చీకట్లో గోడ అవతల పిల్లోడు
పదమూడో ఎక్కం చెప్తా ఉండాడు,
ఏడు కాడికొచ్చి ప్రతిసారీ తప్పు చెప్తా ఉండాడు.
పొద్దున్నే పిలిచి, పిండి వేళ్ళతోనే సంతకం పెట్టి ఇచ్చినా.
"పదమూడు ఏడులు తొంభై ఒకటి, పో."

ఒకే కాలవలో రెండు కేబుళ్ళు.
"మధ్యలో ఇటుకలు పెట్టాలక్కా, అది రూలు" అన్నాడు నూరుల్లా.
పెట్టు నాయనా,
మాకు అలవాటే.

స్తంభం పెరికినాక
నాలుగ్గంటలకి గడప మీద పడే నీడ రాలేదు.
"ఇంక రేపు రాండి" అనే టైము
నాకు ఆ నీడే చెప్పేది.
పైన ఉన్నన్నాళ్ళూ తీగ అందరికీ కనపడి
తన్ను తానే కాచుకునేది.
ఇప్పుడు దాన్ని గుర్తు పెట్టుకోవాల్సింది నేను.
తలుపు వెనక బొగ్గుతో రాసినా:
గేటు కుడి పక్క నించి మూడడుగులు,
గోడ వెంబడి తిన్నంగా, నిమ్మకుండీ కాడ మలుపు.
ఎప్పుడన్నా ఇల్లు అమ్మితే
తాళంచెవులతో పాటు ఇదీ అప్పజెప్పాల.

మొన్న ఆదివారం చెంబు పట్టుకుని గుంత కాడికి పోతే
సందు చివర, వాళ్ళ గడప కాడ, హంసవేణి.
చేతిలో గడ్డపార, పక్కన కరేపాకు మొక్క.
గడ్డపార పైకి లేచింది.

"ఆడొద్దు!"

గాల్లోనే ఆగింది.
ఆమె నా వైపు చూళ్ళేదు.
జానెడు పక్కకి జరిగి
గడ్డపార మొనతో మట్టిని తాకి, అట్లే నిలబడింది.
"ఇంకొంచెం" అన్నా.
జరిగింది.
నేను చెంబు వొంపేసి లోపలికొచ్చినా,
మిరపకాయలు పట్టించేదానికి ఎవురో వచ్చుండారు.